రెండో సంపుటి కోసం జగదల్‌పూర్

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ రాతలో నా స్నేహితురాలి పేరు ఎక్కడా రాదు. పేరు లేక కాదు, మంచి పేరే ఉంది. ఎనిమిదో తరగతి నుంచి రోజుకు పాతికసార్లు నేను గొంతు చించుకుని పిలిచిన పేరే. ఇప్పుడది రాయకూడదు. ఎందుకు రాయకూడదో జగదల్‌పూర్ చేరాక చెప్తాను, సంగతి జరిగింది అక్కడే కాబట్టి. అప్పటిదాకా "తను" అంటాను, సర్దుకోండి.

కొత్తగూడెంలో మాది బైండింగు షాపు. మా నాన్న నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నది పక్కనే సెలూను. కటింగుకు వచ్చేవాళ్ళ కోసం ఆయన ఒక వారపత్రిక తెప్పించేవాడు. అందులో "ఏడు నీళ్ళ దేశం" అని ఒక జానపద నవల వారం వారం వచ్చేది. కొత్త సంచిక రాగానే పాతదాంట్లో ఆ పేజీలు మావి. రెండున్నరేళ్ళు కత్తిరించి దాచాం. మా నాన్న వాటిని రెండు సంపుటాలుగా కుట్టి, ఎర్ర క్యాలికో గుడ్డ వేసి, పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అట్టలు అంటించి ఇచ్చాడు. తన పెళ్ళయి భర్త ఉద్యోగం కోసం బచేలీ గనుల టౌన్‌షిప్‌కు వెళ్ళేటప్పుడు, ఒకటి నా దగ్గర, ఒకటి తన దగ్గర అనుకున్నాం. కలిసినప్పుడల్లా మార్చుకుంటాం. ముప్పై ఏళ్ళుగా ఇదే లెక్క.

కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. వంజి అనే పడవ నడిపే పిల్ల, ఎండిపోయిన తన ఊరి నదిని వెనక్కి తేవడానికి ఏడు నీళ్ళు దాటుతుంది. ఏడో నీరు ఒక జలపాతం వెనక ఉంటుంది. అందులోకి పోవాలంటే తన పేరును బయట ఎవరి దగ్గరైనా వదిలి వెళ్ళాలి. వంజి తన పేరు మైన అనే స్నేహితురాలికి ఇచ్చి లోపలికి పోతుంది. నది వస్తుంది, వంజి రాదు. మైన ముసలిదయ్యేదాకా ఆ పేరు ఎవరికీ చెప్పదు. చివరి అధ్యాయంలో వంజి అన్న మాట ఒక్కచోట కూడా ఉండదు. ఎన్నిసార్లు చదివినా అక్కడ నేను ఏడుస్తాను.

ఈ ఏడు సంక్రాంతి అయ్యాక దాన్ని సినిమా తీసి వదిలారు. సినిమాలో మైన జలపాతం ముందు నిలబడి "వంజీ" అని అరుస్తుంది. వంజి తిరిగి వచ్చేస్తుంది. కౌగిలింత, పాట, శుభం.

మాకు "ఏడు నీళ్ళు" అని ఒక వాట్సాప్ గుంపు ఉంది. ఆ నవల పిచ్చివాళ్ళం నలభైమందిమి. సినిమా వచ్చిన రోజు నుంచీ గుంపు రెండు ముక్కలైంది. పుస్తకం వైపు పెద్ద గొంతు నాది. సినిమా వైపు మాట్లాడింది తను. నేను ఊరుకున్నానా? "సినిమా చూసి ఏడ్చేవాళ్ళు పుస్తకం అట్ట దాటి చదివి ఉండరు" అని రాశాను. దానికి ఇరవైమంది నవ్వు బొమ్మలు పెట్టారు. తను ఆ రోజే గుంపులోంచి వెళ్ళిపోయింది. అయిదు నెలలు ఫోను లేదు. జూన్‌లో ఒక్క మెసేజ్ వచ్చింది: "రెండో సంపుటి నా దగ్గర ఉంది. వచ్చి తీసుకుపోండి. నాకొద్దు."

సంగతి ఇంకొకటుంది, అది కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. అప్పటికి నేను సినిమా చూడలేదు.

కుంట

భద్రాచలంలో ఒక రాష్ట్రం, చింతూరులో ఇంకో రాష్ట్రం, కుంటలో మూడో రాష్ట్రం. టీ రుచి మాత్రం మూడు చోట్లా ఒక్కటే, పాలకంటే చక్కెర ఎక్కువ. బోర్డులు హిందీలోకి మారాయి. నా పక్క సీట్లో మొక్కజొన్న విత్తనాల సంచితో ఒక రైతు కూర్చున్నాడు. లక్ష్మయ్యట, సుక్మా పక్క పల్లెటూరు. కండక్టరుతో హిందీ, వెనక సీటు ఆడవాళ్ళతో దోర్లి, నాతో తెలుగు, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా మార్చుతున్నాడు. నాకు తెలుగులోనే రెండు రకాలుగా మాట్లాడాలంటే చెమట పడుతుంది.

నేను మొదటి సంపుటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది కూడా తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. కోపంలో, సగం వద్దంటే మొత్తం నీ మొహాన కొడతా అనుకుని సంచిలో వేసుకున్న గుర్తు.

"ఏంది అక్కా, దేవుని పుస్తకమా?" అన్నాడు లక్ష్మయ్య.

నవల పేరు చెప్పాను.

"ఆ సిన్మా నేను చూసిన. మా అల్లుడు ఫోన్ల పెట్టిండు, హిందీల. చివర్ల ఆ పిల్ల నీళ్ళలకెంచి వస్తది, అదేనా?"

అంతే, నాకు పూనకం వచ్చింది. పుస్తకంలో అలా ఉండదని మొదలుపెట్టి, కథంతా చెప్పుకొచ్చాను. దోర్నపాల్ దాటేసరికి వెనక సీటు ఆడవాళ్ళు ముందుకు వంగి వింటున్నారు. లక్ష్మయ్య ముక్క ముక్కా వాళ్ళకు దోర్లిలో అందిస్తున్నాడు. వాళ్ళలో ఒకామె ఏదో అడిగింది.

"ఆమె అడుగుతాంది, నది తేవడానికి గదా పోయింది, మరి నది వచ్చిందా లేదా అని."

"వచ్చింది" అన్నాను.

"పుస్తకంల వచ్చిందా?"

"వచ్చింది."

"సిన్మాల గూడ వచ్చింది. మరింకేంది అక్కా మీ పంచాయితీ?"

కండక్టరు కూడా టికెట్ల సంచి సర్దుకుంటూ హిందీలో తన తీర్పు ఇచ్చాడు. సినిమాయే మేలట, రెండున్నర గంటల్లో అయిపోతుంది, నేను సుక్మా వచ్చినా ముగించలేదట. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. లక్ష్మయ్య దిగేటప్పుడు విత్తనాల సంచి నెత్తికెత్తుకుని, "దోస్తుతోని లొల్లి ఎక్కువ దినాలు పెట్టుకోకక్కా, వానలు మంచిగ పడుతున్నయి" అని పోయాడు. నేను లొల్లి సంగతి అతనికి చెప్పనేలేదు. మొహంలో కనబడింది కాబోలు.

జగదల్‌పూర్, ఇడ్లీ దుకాణం

దర్భా ఘాట్ వానలో ఎక్కి సాయంత్రానికి జగదల్‌పూర్ చేరాను. వాళ్ళాయన మోటార్‌సైకిల్ మీద బస్టాండుకు వచ్చాడు. ఆయన్ని నేను అన్నా అంటాను. గనుల్లో రిటైరయ్యాక ఇద్దరూ ఇక్కడికి వచ్చి ఇడ్లీ దుకాణం పెట్టుకున్నారు.

"చెల్లే, ఇంట్ల జర వాతావరణం బాలేదు" అన్నాడు వెనక్కి తిరగకుండా. "నేనైతే ఎవరి వైపూ లేను. సిన్మా చూసిన, నిద్రపోయిన."

తను గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి, "ప్రయాణం బాగా జరిగిందా? మీరు కాఫీ తాగుతారా?" అంది.

మీరు. మెసేజ్‌లో చదివినప్పుడు కోపంలో టైపు చేసిందనుకున్నాను. నోటితో కూడా అదే అంది. ఏమే, ఒసే, దొంగముఖమా అని తప్ప ఎప్పుడూ పిలవని మనిషి. తిడితే పడేదాన్ని. మీరు అంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. తాగుతానండీ అన్నాను నేను కూడా. ఫ్రిజ్ మీద రెండో సంపుటి పాత పేపర్లో చుట్టి, పురికొసతో కట్టి సిద్ధంగా ఉంది. వెళ్ళేటప్పుడు తీసుకోండి అంది.

మర్నాడు పొద్దున దుకాణంలో కూర్చున్నాను. ఇడ్లీలు సాల్ ఆకు దొన్నెల్లో పెడతారు. మా దగ్గర సాంబారు పులుపు చాలలేదని గొడవ చేస్తారు, ఇక్కడ ఎక్కువైందని. ప్లేటు ముప్పై. మా ఊళ్ళో ముప్పైకి నాలుగు వస్తాయి, ఇక్కడ మూడే, కానీ అరచేయంత ఉన్నాయి. వచ్చేవాళ్ళంతా తనను ఇడ్లీ దీదీ అంటున్నారు. ఒకాయన ఆంధ్రా దీదీ అన్నాడు. మాది తెలంగాణ అని నేను సరిచేయబోతే, తను నా వైపు ఒక చూపు చూసింది, ఊరుకున్నాను.

పిండి రుబ్బే ఫూలో అక్కడ అసలు యజమానిలా ఉంటుంది. యాభై దాటిన మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు. ఇంట్లో హల్బీ, బజారులో హిందీ, తనతో తెలుగు. ఆ తెలుగు పూర్తిగా మా కొత్తగూడెం తెలుగు, తన నోటి నుంచే నేర్చుకుంది మరి. "రా, కూసో. నువ్వేనా ఆ పుస్తకం పిల్లవి?" అని ఎగాదిగా చూసింది. "నీ మీద దీదీకి మస్తు కోపముంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, నాకు ఇంకో ఇడ్లీ వేసింది.

కూరగాయలకు ఫూలోతో సంజయ్ మార్కెట్‌కు వెళ్ళాను. ఆకుల మీద ఎర్రచీమల పచ్చడి ముద్ద పెట్టి ఇచ్చారు. నాలిక మీద నిమ్మకాయ పిండినట్టు ఉంది. రెండోసారి అడిగి తిన్నాను, కన్నీళ్ళు వచ్చినా. తొలకరికి సాల్ చెట్ల కింద లేచే బోడా అనే పుట్టగొడుగులు, గోళీలంత, మట్టి అంటుకుని ఉన్నాయి. చిన్న గిన్నెడు మూడు వందలన్నారు. మటనా అని అడిగితే అందరూ నవ్వారు. అక్కడే ఒక ముసలావిడ దూరం నుంచి "గజామూంగ్" అని కేకేసింది. ఫూలో కూడా అదే మాట తిరిగి కేకేసి, వెళ్ళి ఆమె రెండు చేతులు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడింది. ఏదో పలకరింపు కాబోలు అనుకుని నేను బోడా బేరంలో పడ్డాను. అప్పుడే అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

గోంచా రథం

ఆ రోజు గోంచా. జగన్నాథుడి రథయాత్రను ఇక్కడ అలా అంటారు. ఒడిశాలోనూ రథం లాగుతారు, మా వైపూ లాగుతారు. కానీ దేవుడికి తుపాకులు పేల్చి వందనం చేసేది ఇక్కడే. తుపాకీ అంటే వెదురు గొట్టం. దాన్ని తుప్‌కీ అంటారు. అందులో పెంగ్ అనే పచ్చి కాయ పెట్టి, వెనక నుంచి పుల్లతో పొడిస్తే టప్పున పేలుతుంది. కాయ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఊరు ఊరంతా పేలుస్తోంది. పోలీసులు కూడా కొనుక్కుంటున్నారు.

ఫూలో ముందు నడుస్తోంది, ఆమె వెనక తను, ఆ వెనక నేను. మొదటి సంపుటి నా చేతిసంచిలో ఉంది. ఎప్పుడు తీసి ఇవ్వాలా, ఏమని మొదలుపెట్టాలా అని పొద్దున్నుంచి మోస్తున్నాను. రథం మలుపు తిరుగుతుంటే అటు నుంచి ఒక గుంపు ఒక్కసారి పేల్చింది. ఒక కాయ చెవికి, ఇంకోటి కళ్ళద్దాలకు తగిలింది. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. తడి చేత్తో పుస్తకం ముట్టుకుంటే షాపు కుర్రాళ్ళను తిట్టే మనిషిని, సంచిలోంచి ఆ పుస్తకం లాగి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. టప్, టప్ మని నాలుగు కాయలు మా నాన్న వేసిన క్యాలికో మీద పడ్డాయి.

అట్ట దించి చూస్తే తను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వు ఆపుకుంటోంది. అయిదు నెలల్లో అది మొదటి మంచి వార్త.

రథం దాటాక ప్రసాదం పంచారు. మొలకెత్తిన పెసలు, పనస తొనల ముక్కలు, ఆకు దొన్నెలో. సన్నగా వాన మొదలైంది. నాకేమో పుస్తకం తుడుచుకోవాలి, కళ్ళద్దాలు తుడుచుకోవాలి. "ఇది పట్టు" అని నా దొన్నె తన చేతిలో పెట్టాను. తన దొన్నె రెండో చేతిలో ఉంది. నేను పుస్తకం కొంగుకింద దాచుకుని తలెత్తేసరికి, తను తన దొన్నెలోంచి ఒక పనస ముక్క తీసి నా నోట్లో పెట్టేసింది. ఆలోచించి కాదు. బడిలో జామకాయ కొరికి సగం నా నోట్లో పెట్టిన అలవాటు, చేతికి గుర్తుంది. పెట్టాక తనకే తెలిసి చేయి వెనక్కి తీసుకుంది.

ఫూలో చూసింది. పక్కనున్న ఇద్దరాడవాళ్ళను పిలిచి చూపించింది. వాళ్ళు చేతులు జోడించి ఏదో అన్నారు. తన మొహం తెల్లబోయింది. ఫూలోతో హల్బీలో గబగబా వాదనకు దిగింది. నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాను.

"ఏమైంది?" అన్నాను.

"మీరిద్దరు గజామూంగ్ అయిపోయిన్రు" అంది ఫూలో. "ఈ ప్రసాదం పేరు గజామూంగ్. దేవుని ముంగట ఒకరిది ఒకరికిస్తే దోస్తీ కట్టినట్టు. మామూలు దోస్తీ కాదు. చచ్చేదాకా. మీ ఇంట్ల పెళ్ళయితే ఆమె రావాలె, ఆమె ఇంట్ల చావైతే నువ్వు రావాలె. లొల్లి పెట్టుకోవద్దు. పేరు పలకొద్దు."

"పేరు పలకొద్దా?"

"మీత్ పేరు, గిట్ల కట్టిన దోస్తు పేరు, ఎవరన్నా పలుకుతారా? నువ్వు ఈమెను గజామూంగ్ అను, ఈమె నిన్ను గజామూంగ్ అంటది. పొద్దున మార్కెట్ల చూడలేదా, నా గజామూంగ్? నలభై ఏండ్లాయె, నేను ఆమె పేరు నోట్లకెంచి తియ్యలె."

"పొరపాటున జరిగింది ఫూలో" అంది తను.

"పొరపాటని దేవునికి చెప్పుకో. నేను చూసిన."

ఇంటికెళ్ళాక ఫూలో ఊరుకోలేదు. సగం కట్టిన దోస్తీ అరిష్టమట. పీటలు వేయించింది, కొబ్బరికాయ తెప్పించింది, ఇద్దరి నుదుట బియ్యం అంటించింది. తను ముడుచుకున్న మొహంతోనే కూర్చుంది. తరువాత వంటింట్లోంచి వాళ్ళాయనతో అనడం వినబడింది: "కూర్చోకపోతే రేపు పిండి రుబ్బనంటది, ఏం జేయను?" మా దగ్గర స్నేహం అంటే ఎవరికిష్టమైతే వాళ్ళు ఉంటారు, పోతారు. వాట్సాప్ గుంపులోంచి పోయినట్టు ఒక్క నొక్కుడు. ఇక్కడ సాక్షులున్నారు, కొబ్బరికాయ ఉంది, పోవడానికి దారి లేదు. నాకైతే భలే నచ్చింది. కానీ అది మొక్కుబడిగా జరిగిందని కూడా తెలుస్తూనే ఉంది. ఫ్రిజ్ మీద కట్ట అక్కడే ఉంది.

చిత్రకోట్

మర్నాడు దుకాణం సెలవు పెట్టి ముగ్గురం ఆటోలో చిత్రకోట్ వెళ్ళాం. సినిమాలో ఏడో నీరుగా చూపించింది ఈ జలపాతమే. ఫూలో పట్టుబట్టింది, కొత్త మీత్‌ను నీళ్ళు చూపించకుండా పంపకూడదట. ఆ నియమం తనే అప్పటికప్పుడు కల్పించిందని నా అనుమానం.

ఇంద్రావతి ఎర్రగా, ఇటుక పొడి కలిపినట్టు దూకుతోంది. తుంపర గట్టు మీదికి వచ్చి చీర తడిపేస్తోంది. వానాకాలం కాబట్టి పడవలు ఆపేశారు. తిరగేసి ఆరబెట్టిన పడవ మీద ఒక పడవవాడు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. షూటింగులో పనిచేశాడట. నాలుగు రోజులు తిండి బ్రహ్మాండం అన్నాడు. సినిమా ఎలా ఉందని అడిగితే మొహం చిట్లించాడు. ఆ పిల్ల పడవను నేరుగా ధార కిందికి నడుపుతుందట. అలా నడిపితే పడవ పోతుంది, పిల్ల పోతుంది, ఇక ఏ పేరు పెట్టి పిలిచి ఏం లాభం అన్నాడు. పుస్తకంలో వంజి పడవ వదిలి రాళ్ళ మీద నడిచి వెళ్తుందని నేను చెప్పాను. "అదీ లెక్క" అన్నాడు. నేను గర్వంగా తన వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"అబ్బో, గెలిచినవ్ పో" అంది తను.

గెలిచినవ్. మీరు ఊడిపోయింది. నాకు ఎంత సంతోషమైందంటే ఆ తరువాత అన్న మాటలు రెండు క్షణాలు బుర్రకెక్కలేదు.

"ప్రతి ముక్కా పట్టుకుంటవ్. పడవ తప్పు, చీర తప్పు, నగలు తప్పు. ఆ అరుపు దగ్గర నీకేమీ కాలేదా? ఒక్క క్షణం గూడ కాలేదా? అంత రాయివా నువ్వు?"

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"నేను సినిమా చూడలేదు" అన్నాను.

తను నా మొహంలోకి చూసింది. నీళ్ళ హోరులో సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను.

"చూడకుండనే అన్ని రాసినవా?"

"రాశాను."

"చూడకుండనే నన్ను అందరి ముందు ఉత్త అట్ట చదివినదాన్ని చేసినవా?"

తను పడవ అంచు మీద కూర్చుంది. తనే చెప్పింది, నీళ్ళ వైపు చూస్తూ. బచేలీలో ఇరవై రెండేళ్ళు మేడం అన్నారట, ఫలానా ఆపరేటర్ గారి భార్య అన్నారట. ఇక్కడ ఇడ్లీ దీదీ. వాళ్ళాయన ఏమే అంటాడు. పేరు పెట్టి పిలిచేది అమ్మ, నేను. అమ్మ పోయింది. నేను ఫోన్ చేయడం రెండు నెలలకోసారి అయింది. ఆ రోజు హాల్లో మైన గొంతు చించుకుని అరిస్తే, తనకు మా బైండింగు షాపు మెట్లమీంచి నేను అరిచిన అరుపు వినబడిందట.

"ఏడ్చిన. ఏడ్చుకుంటనే బయటికొచ్చి నీకే ఫోన్ చేసిన. యాదికున్నదా? సినిమా గురించైతే మాట్లాడకు అని పెట్టేసినవ్. సాయంత్రం గుంపుల అది రాసినవ్."

గుర్తుంది. షాపులో స్కూలు రికార్డుల బైండింగు ఒత్తిడిలో ఉన్నాను ఆ రోజు. అది సాకే. నేను ఏడ్చాను, దాచుకోలేదు. తప్పైంది అన్నాను. ముప్పై ఏళ్ళలో తనకు ఆ మాట నేను చెప్పడం అదే మొదలు. తను కూడా కళ్ళు తుడుచుకుంది. తుంపర వల్ల ఎవరి మొహం ఎందుకు తడిసిందో పక్కవాళ్ళకు తెలియదు, అదొక్కటే నయం.

ఫూలో ఉడకబెట్టిన వేరుశనగలు కొనుక్కుని వచ్చింది. ఏమైందని అడిగింది. తను కథ మొత్తం చెప్పింది, పుస్తకం ముగింపు ఒకలా, సినిమా ముగింపు ఒకలా అని. ఫూలో గింజలు ఒలుస్తూ విని, ఇద్దరినీ వెర్రివాళ్ళను చూసినట్టు చూసింది.

"ఆ పిల్ల పేరిచ్చింది, ఈ పిల్ల తీసుకున్నది. అంటే మీత్ కట్టిన్రు. మరి ముసలిదైనదాంక పేరు పలకలేదంటే ఏడుసుడెందుకు? ఆమె దోస్తీ నిలబెట్టింది." ఒక గింజ నోట్లో వేసుకుంది. "సిన్మాల పేరు పెట్టి అరిసింది గదా, అది తప్పు. గట్ల అరవరు."

అయిదు నెలలు నలభైమంది వాదించుకున్న సంగతి. నేను ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం, ప్రతిసారీ పోగొట్టుకున్న కథ అనే చదివాను. మైన దగ్గర ఆ పేరు భద్రంగా ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు. తనకూ తట్టలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ తరువాత వేరుశనగలు తిన్నాం.

సాయంత్రం టీవీలో సినిమా పెట్టించి చూశాను. గుహలో ఆ డాన్సు ఏమిటో, వంజికి ఆ బంగారు వడ్డాణం ఏమిటో, నేను తిడుతూనే ఉన్నాను, తను నా తొడ మీద కొడుతూనే ఉంది. అన్న నిద్రపోయాడు. అరుపు వచ్చినప్పుడు తను నా వైపే చూస్తోందని తెలుసు. "బాగానే ఉంది గానీ అవసరం లేదు" అన్నాను. మొండిదానివి అంది. లొల్లి పెట్టుకోకూడదు కాబట్టి అక్కడితో ఆపింది.

బస్టాండు

నాలుగో రోజు పొద్దున ఫ్రిజ్ మీది కట్ట పురికొస తనే విప్పింది. పాత పేపరు మడిచి పక్కన పెట్టి, రెండో సంపుటి నా చేతికిచ్చింది. నేను మొదటి సంపుటి తనకిచ్చాను. అట్ట మీద పెంగ్ కాయల మచ్చలు నాలుగు, ఆకుపచ్చగా. తుడవొద్దంది.

బస్టాండుకు ఫూలో కూడా వచ్చింది, మూడు పొట్లాల ఇడ్లీలు, దొన్నెడు బోడా కూరతో. తను బస్సెక్కి నా సామాను పైన సర్ది, కిటికీ పక్క సీటు దులిపి, నీళ్ళ సీసా పెట్టి దిగింది. సుక్మా బస్సు, బీజాపూర్ బస్సు, రాయపూర్ బస్సు అన్నీ ఒకేసారి హారన్లు కొడుతున్నాయి. కండక్టరు విజిలేశాడు. నేను కూర్చోబోయి చూస్తే సీటు మీద ఎర్ర క్యాలికో పుస్తకం. ఆకుపచ్చ మచ్చలది. సర్దే హడావుడిలో చేతిలోది అక్కడ పెట్టి మర్చిపోయి దిగిపోయింది.

బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే తను, ఫూలో టీ కొట్టు దాటి జనంలోకి నడుస్తున్నారు. రెండూ నాతో వచ్చేస్తే ఇంక మార్చుకోవడానికి తన దగ్గర ఏముంటుంది? పేరు నాలిక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్ళ అలవాటు. నోరు తెరిచాను, మూశాను. పుస్తకం కిటికీలోంచి బయటికి పెట్టి, బైండింగు షాపు మెట్ల మీద అరిచినట్టు, ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

"గజామూంగ్!"

టీ కొట్టు దగ్గర అయిదారుగురు ఆడవాళ్ళు తలలు తిప్పారు. ఈ ఊళ్ళో చాలామందికి ఎక్కడో ఒకచోట ఒక గజామూంగ్ ఉంటుంది మరి. వాళ్ళు నన్ను చూసి మళ్ళీ తమ పనుల్లో పడ్డారు. తను మాత్రం తిరిగి, బురదలో చెప్పులు జారుతుంటే చీర ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కదిలే బస్సు పక్కన రెండు చేతులూ చాచి పుస్తకం అందుకుంది. రొప్పుతూ, నవ్వుతూ, "ఏందే గజామూంగ్, ఊరంతా వినబడేటట్టు" అంది.

దర్భా ఘాట్ దిగేదాకా ఫోనుకు సిగ్నల్ లేదు. సిగ్నల్ రాగానే "ఏడు నీళ్ళు" గుంపులో రాశాను. ముందు, సినిమా చూడకుండా తిట్టానని ఒప్పుకున్నాను. తరువాత ఇలా రాశాను: సినిమా వాళ్ళు ఆ అరుపు సరిగ్గానే పెట్టారు. మనిషి వెళ్ళిపోతుంటే అరవాల్సిందే. పేరు పెట్టి అరవడం ఒక్కటే తప్పు.

ముప్పై ఎనిమిదిమందీ ఒకేసారి నా మీద పడ్డారు. ఇంకా వాదిస్తూనే ఉన్నారు. తను మళ్ళీ గుంపులో చేరింది, నా ఫోనులో తన పేరు ఉన్నచోట ఇప్పుడు గజామూంగ్ అని ఉంది.